ఎడంచేతివాడి చెంచా

నాకు కోపం తొందరగా వస్తుంది. పాలప్యాకెట్టు కారితే వస్తుంది, ఆటో అతను చిల్లర లేదంటే వస్తుంది, మా ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేస్తే వస్తుంది. అప్పుడల్లా మా మామగారు “చారు పొంగింది, అందరూ కొంచెం జరగండి” అని నవ్వేవారు. నా పేరు చారులత. కోయంబత్తూరు తెలుగిళ్ళలో రసాన్ని చారు అనే అంటారు కాబట్టి నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఈ వేళాకోళం పుట్టింది. పందొమ్మిదేళ్ళయినా ఆయనకి మొహం మొత్తలేదు.

ఇంత కోపమూ పనికొచ్చే సమయానికి ఎక్కడికి పోతుందో తెలియదు. పోయిన ఎండాకాలం, రాజవీధి వెనక సందులో, మా కంసాలి తంగవేలు ఆసారి కొలిమి ముందు నిలబడినప్పుడు అది నాకు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. 

మా మామగారు వెంకటసామి నాయుడు సింగానల్లూరులో ఒక మిల్లులో ముప్పై ఆరేళ్ళు స్పిన్నింగ్ మాస్టరుగా చేశారు. మిగతా మాస్టర్లు సెలవురోజు చీట్లపేక ఆడేవారట, లేకపోతే కినత్తుకడవు పక్కన కొబ్బరితోట కొని ఆదివారాలు దాని చుట్టూ తిరిగేవారట. ఈయన బస్సెక్కి కూనూరుకో వాల్పారైకో పోయేవారు. దొరలు వదిలిపెట్టిన టీతోటల బంగళాల్లో పాత సామాన్లు అమ్ముతున్నారని తెలిస్తే చాలు. అందరూ గడియారాలూ, టేకు బీరువాలూ బేరమాడుతుంటే ఈయన వంటింట్లోకి పోయి చెంచాలు వెతికేవారు. ఇంగ్లండులో చేసిన వెండి చెంచాలు. వందేళ్ళవి, నూటయాభై ఏళ్ళవి, రెండు వందల ఏళ్ళవి. యాభై ఏళ్ళలో అరవై నాలుగు పోగుచేశారు.

మా అత్తగారు కమలమ్మాళ్ వాటిని చేత్తో తాకేది కాదు. “ఎవురెవురి నోట్లోనో పెట్టి తీసిన ఎంగిలి గరిటెలు. మన ఇంట్లో వెండికేమి కరువా?” అనేది. అనడమే గానీ ఏ రోజూ అడ్డు చెప్పలేదు. ఆయన గదిలో ఇనుప బీరువా కింది అర ఆ చెంచాలకే.

పంగుని నెలలో, మార్చి సగంలో, మామగారికి గుండెలో స్టెంటు వేశారు. మెట్లెక్కకూడదు, ఎండలో తిరగకూడదు, మనసుకి దెబ్బ తగిలే మాట ఏదీ చెవిన వేయకూడదు అని డాక్టరు మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి చెప్పాడు. ఎనభై నిండిన మనిషి, పొద్దున మూడు మైళ్ళు నడిచే మనిషి, ఉన్నట్టుండి కుర్చీకి అతుక్కుపోయాడు. ఆయన మొహం చూడలేక ఒక మధ్యాహ్నం నేనే అడిగాను.

“మామా, మీ చెంచాలకి లిస్టు రాసినారా ఎప్పుడైనా?”

“తలలో ఉండాదమ్మా అంతా.”

“తలలో ఉంటే మాకేం లాభం? చెప్పండి, రాస్తా.”

ఆయన కళ్ళు అప్పుడే నెల తర్వాత మొదటిసారి వెలిగాయి. మర్నాడే గీతల నోటుబుక్కు తెప్పించారు. గళ్ళు ఎలా ఉండాలో ఆయనే చెప్పారు. వరస నెంబరు, ముద్ర, ఊరు, సంవత్సరం, చేసినవాడు, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, చివరి గడి దెబ్బ. దెబ్బంటే సొట్టలు, అరుగుదల, అతుకులు. ఆయన తెలుగులో చెప్పేవారు, నేను అరవ అక్షరాల్లో రాసేదాన్ని. మా ఇద్దరికీ తెలుగు మాట్లాడటమే వచ్చు.

ఆ నెలన్నర మధ్యాహ్నాలంత సుఖంగా నేను ఆ ఇంట్లో ఎప్పుడూ లేను. బయట రోడ్డు కరిగిపోయే ఎండ. లోపల ఫ్యాను, ఏలకుల టీ, ఆయన. మా నాన్నకి తేనిలో ఏలకుల మండీ ఉండేది, ఇప్పటికీ అక్కణ్ణుంచే వస్తాయి. మామగారి దగ్గర మిల్లు నాటి మడత అద్దం ఒకటి ఉంది, బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూసేది. దాన్ని చెంచా కాడ వెనక నిలబెట్టి నన్ను వంగి చూడమనేవారు. నడుస్తున్న సింహం ఉంటే అది అసలు వెండి. చిరుతపులి తల ఉంటే లండన్. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. పక్కన ఒక అక్షరం ఉంటే అది ఏ సంవత్సరమో చెబుతుంది. గోరంత చోటులో ఇంత రాసుకున్నారు వాళ్ళు. నేను కెమిస్ట్రీ చదివి వంటింట్లో వాడినదాన్ని. నాకు ఇంకోసారి పరీక్షకి చదువుతున్నట్టు ఉండేది.

ఇరవై మూడో నెంబరు దగ్గర ఆయన కొంచెంసేపు ఆగారు.

“ఈ ఆళు వేరే మాదిరి మనిషి. సూడు” అన్నారు.

చూశాను. లండన్, 1810. పెద్ద చెంచా. నాకేమీ తేడా కనిపించలేదు.

“అంచు సూడమ్మా. కుడిచేత్తో తినేవాళ్ళు గిన్నెను ఎట్ల గీకతారు? ఎడమ అంచు అరగతాది. అన్నీ అంతే, అరవై మూడూ అంతే. వీనిది మాత్రం కుడి అంచు అరిగి ఉండాది.”

“అంటే?”

“ఎడంచేతోడు. ముప్పై ఏండ్లో నలభై ఏండ్లో ఇదే చెంచాతో తినినాడు. ఎవురూ వాని చెయ్యి పట్టుకోలే.”

ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకో వారం పట్టింది. పొద్దున సత్తుమావు గంజి పట్టుకుని ఆయన గదిలోకి పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, మోచేత్తో తోశాను. ముందురోజు గంజి మిగిలిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆ ఇరవై మూడో నెంబరు చెంచాతో తింటున్నారు. ఎడమచేత్తో. నన్ను చూడగానే చెంచా కుడిచేతిలోకి మార్చుకున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి, దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయిన పిల్లాడిలా మొహం పెట్టారు.

నేను చూడనట్టే గంజి పెట్టి వచ్చేస్తుంటే ఆయనే చెప్పారు.

“మా అవ్వ నా ఎడమచేతిని గుడ్డతో నడుముకు కట్టేసి అన్నం పెట్టేదమ్మా. అయిదేండ్లు ఉంటాది నాకు. నోట్లో పెట్టేది కుడిచేత్తోనే గదా మనకు. తప్పు లేదులే, ఆమె తప్పు లేదు. అప్పురం అలవాటయిపోయినాది.”

“ఇప్పుడు తినండి మామా ఎట్లా కావాలంటే అట్లా. తలుపు వేసి పోతా.”

ఆ రోజునుంచి ఆ చెంచా బీరువాలోకి పోలేదు, ఆయన బల్లమీదే ఉండేది. నేను గంజి పెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చేదాన్ని. నోటుబుక్కులో మిగతావాటిని నెంబర్లతో పిలిచేవారు, దీన్ని మాత్రం ఎడంచేతోడు అనేవారు.

వైకాశి చివర, జూన్‌లో, ఆయనకి సదాభిషేకం పెట్టుకున్నాం. వెయ్యి పున్నములు చూసిన మనిషిని భార్యతో కలిపి పీటల మీద కూర్చోబెట్టి కలశాల నీళ్ళు పోసే వేడుక. మా ఆయన గోకులకృష్ణన్‌కి పంపుల భాగాలు పోతపోసే చిన్న ఫౌండ్రీ ఉంది. దాన్ని వదిలి అతను కదలలేడు, పిలుపులన్నీ నా నెత్తిన పడ్డాయి.

ఇక్కడ మా అత్తగారింటి వాడుక ఒకటి చెప్పాలి. అప్పటికి అది నాకు తెలియదు. మా తేని వైపు అలాంటిది లేదు, నేను వచ్చాక ఆ ఇంట్లో ఎవరికీ సదాభిషేకం జరగలేదు. పెద్దాయన తలమీద నీళ్ళు పోసే చెంబు అంగడిలో కొనకూడదు. ఇంటి వెండితో చేయించాలి. మంచిరోజు చూసి, ఆ ఇంటివాళ్ళూ ఇంటి ఆడబిడ్డలూ తలా కొంత పాత వెండి, తెగిన పట్టీలో సొట్టపడిన కుంకుమ భరిణలో, పసుపు గుడ్డలో మూటకట్టి తెల్లవారేసరికి సామిగదిలో దేవుడి ముందు పెట్టిపోతారు. మూట విప్పి చూడకూడదు. ఎవరేమిచ్చారో అడగకూడదు. ఆసారి వచ్చి అన్నీ ఒక బుట్టలో వేసుకుపోయి, సాయంత్రం దీపం పెట్టేలోపల కరిగించేయాలి. ఇంటి వెండితో చెంబు చేయిస్తున్నారని నాకు తెలుసు. ఈ మూటల సంగతీ, ఆ రోజు ఏ రోజో తెలియదు. నువ్వు ఈ ఇంటిదానివే, తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారు.

చుట్టాలు వస్తారని గదులకి సున్నం వేయిస్తున్నాం. మామగారి గది వంతు వచ్చిన ముందురోజు సాయంత్రం ఆయన నన్ను పిలిచారు.

“చారూ, బీరువా జరపతారు. చెంచాలు నువ్వే ఎత్తి పత్తరమా, జాగ్రత్తగా, పెట్టమ్మా. ఇంట్లో రొంబ మంది తిరగతా ఉండారు.”

ఇద్దరం కూర్చుని కట్టాం. వెండి తుడిచే పసుపు ఫ్లానెల్ గుడ్డ ఒక తాను ఉండేది ఆయన దగ్గర. పది పది చొప్పున చుట్టి, అన్నీ కలిపి అదే గుడ్డలో పెద్ద మూట కట్టాను. లెక్కపెడితే అరవై మూడే వచ్చాయి. బల్లమీద ఎడంచేతివాడు ఉండిపోయాడు. గంజి అయిపోయి, కడిగి ఆరబెట్టి ఉంది. ఆయన దాని మాట ఎత్తలేదు. నేనే, ఒకటి తక్కువైతే లెక్క తప్పుతుందని, మూట మళ్ళీ విప్పి దాన్ని కూడా పైన పెట్టి ముడివేశాను. ఎంత జాగ్రత్తపరురాలినో చూడండి.

ఇంట్లో సున్నం వేసేవాళ్ళు, పందిరివాళ్ళు, వంటవాళ్ళు. ఎవరూ ముట్టని చోటు ఒక్కటే ఉందనుకున్నాను. మూట తీసుకుపోయి సామిగదిలో పీట పక్కన పెట్టాను.

మర్నాడు తెల్లారగట్లే పిలుపులకని అవినాశి పోయాను. మా ఆయన పిన్నమ్మలు ఇద్దరు అక్కడే ఉంటారు, ఇద్దరూ భోంచేయకుండా వదలరు. తిరిగి వచ్చేసరికి రెండున్నర. చీర మార్చుకోకముందే సామిగదిలోకి తొంగిచూశాను. పీట పక్కన ఏమీ లేదు.

అత్త వంటింట్లో కూర్చుని ములక్కాడలు కోస్తోంది.

“అత్తా, సామిగదిలో ఒక పసుపు మూట పెట్టినా, ఎవరు తీసినారు?”

“పెద్ద మూటా? ఆసారి ఎత్తకపోయినాడు గదా పదకొండింటికి. చెంబుకి.” నా వైపు చూసి నవ్వింది. “ఇందరిలో నీదే పెద్దది. సుగన్య కూడా ముక్కున వేలేసుకునె.”

సుగన్య మా ఆడబిడ్డ.

“అత్తా, అది మామ చెంచాలు.”

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. పక్కగదిలో మామగారు పడుకుని ఉన్నారు. ఇద్దరమూ గొంతు తగ్గించాం.

“నువ్వే గదమ్మా కట్టి పెట్టినావు? పసుపు గుడ్డలో?”

“పత్తరంగా ఉంటుందని పెట్టినా. నాకు తెలియదత్తా.”

“ఆయనే చెప్పి పెట్టించినారేమో అనుకుంటి. అడగగూడదు గదా. విప్పగూడదు గదా.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చెంచాలని యాభై ఏళ్ళు తిట్టిన మనిషి ఆమె. ఆ ఏడుపు నాటకం కాదు.

నేను చెప్పులు వేసుకుంటుంటే వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది.

“చారూ, పోవొద్దు. పెట్టిన వెండి తిరిగి ఎత్తగూడదు. ఎవురికి చేస్తామో వాళ్ళ ఆయుసులోనుంచి ఎత్తినట్టు. మా మామగారికి చేసినప్పుడు ఒకాయమ్మ తన భరిణ తిరిగి తీసకపోయినాది. ఏడాది తిరగలే ఆయనకు. నా కండ్లారా సూసినా.”

“అట్లంతా ఏమీ లేదత్తా” అని చెయ్యి విడిపించుకున్నాను. అప్పుడు కోపం ఉంది నాకు. ఆటోలో రాజవీధి వచ్చేవరకూ ఉంది. ఆ వాడుక మీద, అత్త మీద, నా మీద, భోంచేసి పొమ్మన్న పిన్నమ్మల మీద. దిగి సందులోకి పరిగెత్తాను.

తంగవేలు ఆసారి ఆ ఇంటికి మూడు తరాల పనివాడు. చిన్న గది, ఒక మూల గ్యాసు కొలిమి, దాంట్లో నల్లటి మూస. పట్టీలూ భరిణలూ అప్పటికే కరిగి, నీళ్ళలా కదులుతున్నాయి. నా పసుపు గుడ్డ చక్కగా మడతపెట్టి పక్కన ఉంది. చెంచాలు ఇనుప పళ్ళెంలో ఉన్నాయి. అన్నీ. ఒక్కటి కూడా పోలేదు. పైన ఎడంచేతివాడు ఉన్నాడు, కుడి అంచు అరిగిపోయి.

ఆసారి లేచి నిలబడ్డాడు. ఆయన మాటలన్నీ అరవమే. ఇంత నాణ్యమైన పని చూసి చాలా ఏళ్ళయిందనీ, ఒక్కొక్కటీ తుడిచి చూస్తూ కూర్చున్నాననీ, పొయ్యిలో వేయడానికి మనసు రాక పట్టీలే ముందు వేశాననీ చెప్పాడు. దీపం వేళ అవుతోంది, ఇంక ఆగకూడదు అన్నాడు.

“ఇవి పొరపాటున వచ్చినాయి” అని నేను చెప్పబోతుండగా ఫోను మోగింది. మా ఆయన. అత్త చెప్పేసింది.

“ఎక్కడుండావు?”

“ఆసారి అంగట్లో. అన్నీ ఉండాయి, ఏమీ కాలేదు. తీసుకొచ్చేస్తా.”

అటువైపు ఫౌండ్రీ చప్పుడు. అతను బయటికి నడిచి వచ్చినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

“చారూ, నేనట్లంతా నమ్మేది లేదు, నీకే తెలుసు. అయినా అమ్మ ఏడస్తా ఉండాది. ఇంకా మూడు వారాలుండాది ఫంక్షనుకు. ఇప్పుడు నువ్వు ఎత్తకపోయి, నాయినకు ఏమైనా ఒకటి అయితే? డాక్టరు ఏమన్నాడు? జీవితమంతా నీ తలమీదనే పడతాది. నా తలమీద కూడా.”

“మామకి ఎవరు చెప్పేది?”

“అప్పురం చూసుకుందాం. మెల్లగా చెబుదాం. విడిచిపెట్టు.”

ఫోను పెట్టేశాను. మామగారి నెంబరు అందులోనే ఉంది. ఆయన్ని అడిగితే “పిచ్చిదానా, తీసుకురా” అంటారని నాకు తెలుసు. కానీ ఏమని మొదలుపెట్టను? మీ చెంచాలు కొలిమి పక్కన ఉన్నాయని, గుండెలో కొత్తగా స్టెంటున్న మనిషికి ఫోనులో ఎలా చెప్పను? నొక్కలేదు.

నాకు ఆయుసు సంగతి మీద నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. అయినా చెయ్యి ముందుకు పోలేదు. పళ్ళెం నాకు రెండడుగుల దూరంలో ఉంది. ఐ.సి.యు. గాజు తలుపులోంచి ఆయన పాదాలు కనబడిన రోజు గుర్తొచ్చింది. దుప్పటి బయట పాదాలు మాత్రమే కనబడ్డాయి ఆ రోజు.

ఆసారి నా మొహం చూశాడు. ఆయనకి ఏం అర్థమైందో తెలియదు. “ఒణ్ణు ఎడుత్తుక్కోంగమ్మా. నాన్ పాక్కలే” అన్నాడు. ఒకటి తీసుకోండి, నేను చూడను అని. అని, నిజంగానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆయన వీపు చూస్తూ నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఒక్కటి. చీర కొంగులో పట్టేది. ఎవరికీ తెలిసేది కాదు.

“వేసేయండి” అన్నాను.

చెంచాలు కొన్ని కొన్నిగా మూసలోకి పోయాయి. అరిగిన అంచు పలచన కాబట్టి ఎడంచేతివాడికి ముందు అదే పోయింది, తర్వాత చెంచా గుంట, తర్వాత కాడ. సింహం చివరిదాకా ఉంది. నేను మడతపెట్టిన పసుపు గుడ్డ తీసుకుని ఇంటికి వచ్చాను.

ఆ మూడు వారాలూ మామగారు రెండుసార్లు అడిగారు.

“పెట్టె పత్తరమా ఉండాదా అమ్మా?”

మూటని ఆయన పెట్టె అనేవారు.

“ఉంది మామా.”

“ఫంక్షను కానీ. మిగిలినదంతా రాసేద్దాం. నలభై ఒకటికి వచ్చినాం గదా?”

“నలభై రెండు.”

గంజిలోకి స్టీలు చెంచా వేసి ఇచ్చాను. ఎడంచేతివాడేడీ అని అడగలేదు, సున్నం పనుల్లో అన్నిటితో పాటు లోపల ఉందనుకున్నారు. నేను అలవాటుగా తలుపు దగ్గరగా వేసి రెండడుగులు వేసి, సందులోంచి చూశాను. కుడిచేత్తో తింటున్నారు. చూడకుండా ఉండాల్సింది.

ఆ రోజుల్లో నేను అందరి మీదా అరిచాను. పందిరి అతని మీద, పూల అతని మీద, అత్త మీద. అత్త ఒక్క మాట తిరిగి అనలేదు. రాత్రి నా కంచంలో చారు ఆమే వడ్డించేది, ఇద్దరమూ మొహాలు చూసుకోకుండా తినేవాళ్ళం. మెల్లగా చెబుదామన్న మా ఆయన ఏదో ఒక పని కల్పించుకుని ఫౌండ్రీలోనే ఉండిపోయేవాడు.

సదాభిషేకం బాగా జరిగింది. నాలుగు వందల మంది వచ్చారు. చెంబు పళ్ళెంలో పెట్టి తెచ్చినప్పుడు ఆడవాళ్ళంతా “అబ్బ” అన్నారు. పెద్ద చెంబు, మెడ దగ్గర తామర రేకులు. తంగవేలు ఆసారి నిద్రపోకుండా చేశాడట. కొడుకూ కూతురూ కలిసి ఎత్తి ఆ ఇద్దరి తలలమీద నీళ్ళు పోశారు. మామగారు కళ్ళు మూసుకోలేదు. నీళ్ళు కళ్ళలో పడుతున్నా ఆ చెంబునే చూస్తూ కూర్చున్నారు. తర్వాత నా కోసం వెతికారు. నేను వంటవాళ్ళ వెనక నిలబడ్డాను.

చుట్టాలంతా పోయిన మూడో రోజు మధ్యాహ్నం పిలిచారు. గది కొత్త సున్నం వాసన వేస్తోంది. ఆయన ఒళ్ళో చెంబు ఉంది, పక్కన మడత అద్దం.

“కూర్చో” అన్నారు. చెంబుని రెండు చేతులా పైకెత్తి, బరువు చూసి, దించారు. “మన ఇంట్లో ఇంత వెండి లేదు గదమ్మా.”

నేను ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. సామిగదిలో పెట్టిన దగ్గరనుంచి అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయ్యాక అడిగారు.

“నువ్వు పోయినప్పుడు ఎడంచేతోడు ఉండినాడా?”

అబద్ధం చెప్పొచ్చు. అప్పటికే కరిగిపోయాయని ఒక్క మాట అంటే అయిపోయేది.

“ఉండినాడు మామా. పైనే ఉండినాడు. ఆసారి ఒకటి తీసుకోమన్నాడు. నేను తీసుకోలేదు.”

“ఆ పొద్దు చారు పొంగలేదా?”

“లేదు మామా.”

“నా గురించి బయపడినావా?”

తల ఊపాను.

ఆయన కిటికీ వైపు తిరిగారు. గొంతు కింద నరం కొట్టుకోవడం నాకు కనబడుతోంది, డాక్టరు మాటలు గుర్తొచ్చాయి. తర్వాత ఆయన “ఆ బుక్కు తీసకరా” అన్నారు.

తెచ్చాను. నలభై రెండో నెంబరు దగ్గర తెరిచాను. మిగతా ఇరవై రెండు వరసలూ ఖాళీగా ఉన్నాయి.

“అవి విడిచిపెట్టు. చూడకుండా రాయగూడదు. కింద రాయి. అరవై అయిదు.”

రాశాను.

ఆయన చెంబు తలకిందులు చేసి, అడుగున మడత అద్దం నిలబెట్టి, కన్ను ఆనించి చూశారు. అంగుళం అంగుళం జరుపుతూ, ఏమీ వదలకుండా.

“ముద్ర, లేదు. ఊరు, కోయంబత్తూరు. సంవత్సరం నీకే తెలుసు. చేసినది తంగవేలు ఆసారి. ఎక్కడ దొరికింది? మా ఇంట్లో.”

“ఎవరిచ్చారు?”

“అది అడగగూడదు గదా. ఆ గడి కాళీగా పెట్టు.”

ఒక్క గడి మిగిలింది. నేను అడగలేకపోయాను. పెన్ను దాని మీద పెట్టి తల ఎత్తాను. ఆయన అద్దం పక్కన పెట్టి, ఎడమచేతి బొటనవేలితో చెంబు అంచు చుట్టూ మెల్లగా తడిమారు. పూర్తిగా ఒక చుట్టు వచ్చి, మొదలుపెట్టిన చోట ఆగారు.

“దెబ్బ, ఏమీ లేదు” అన్నారు. “రాయమ్మా.”

రాశాను.